ఆగు అన్నదెవరు

మొన్న జగ్దల్‌పూర్ వెళ్ళినప్పుడు మా పాత పారాలో సిటీ బస్సు కోసం గంటసేపు నిలబడ్డాను. పారా అంటే అక్కడి మాటలో పేట. నిలబడ్డాను అనే రాయాలి, ఎందుకంటే కూర్చునే వీలు లేదు. బస్‌స్టాప్ అని ఒకటుంది, కాదనను. నాలుగు ఇనుప గొట్టాలు, వాటి మీద ఒకప్పుడు రేకు ఉండేదని చెప్పే మేకులు, ఒక కాలు విరిగి పక్కకి ఒరిగిన సిమెంటు బల్ల. బల్ల కింద మురికినీళ్ళు, బల్ల మీద ఎవరో ఆరేసుకున్న తడి గోనెసంచులు. అందుకని జనమంతా రోడ్డుకి అవతల టీకొట్టు పందిరి కింద నిలబడతారు. బస్సు రాగానే ప్రాణాలకు తెగించి అడ్డంగా పరిగెత్తుతారు. రేకు ఎప్పుడు వేస్తారని టీకొట్టు ఆయన్ని అడిగితే, అది ఎవరు వెయ్యాలో తేలితే కదా అన్నాడు. రోడ్డు ఒక ఆఫీసుదట, గొట్టాలు ఇంకో ఆఫీసువట, కింద నేల మూడోవాళ్ళదట. నాకు చచ్చేంత నవ్వొచ్చింది. ఈ మాటలు నేను ఎనిమిదేళ్ళప్పుడే విన్నాను.

నా పక్కన సోన్‌మతి ఉంది. చిన్నప్పుడు మా వెనకింటి పిల్ల. ఇంట్లో హల్బీ మాట్లాడేవాళ్ళు, కానీ పొద్దస్తమానం మా పెరట్లోనే ఉండి తెలుగు నేర్చేసుకుంది. దానికి కంటి ఆపరేషన్ అయితే చూసిపోదామని ఖమ్మం నుంచి వచ్చాను. కట్టు మార్పించడానికి ఆసుపత్రికి బయల్దేరాం. నా తెలుగు ఇన్నేళ్ళలో పుస్తకాలూ పేపర్లూ చదివి చదివి మారిపోయింది. దాని తెలుగు మాత్రం మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నప్పుడు ఎట్లా ఉందో అట్లానే ఉండిపోయింది. మా నాయనమ్మ గొంతు వినాలంటే ఇప్పుడు నేను సోన్‌మతి దగ్గరికే వెళ్ళాలి.

“ఏందే, గట్ల సూస్తన్నవ్? మన చిన్నప్పటి సావిడి మస్తుగుండెనా?” అంది, ఒంటికన్నుతో నన్ను చూసి.

లేదు, అది ఇంతకన్నా అన్యాయంగా ఉండేది. రాజుగారి రోజులవి, బస్తర్ ఇంకా సంస్థానం. యుద్ధం జరుగుతున్నదని, అందుకే కిరసనాయిలు దొరకడం లేదని పెద్దవాళ్ళు అనుకునేవారు. ఆ యుద్ధం ఎక్కడో, దానికీ మా ఇంటి లాంతరుకీ సంబంధం ఏమిటో నాకు బోధపడేది కాదు. కోంటా వైపు పోయే మోటరు వారానికి రెండుసార్లు మా పారా మీదుగా వెళ్ళేది. పెట్రోలు లేక బొగ్గుతో నడిచేది. వెనకాల పెద్ద పీపా, అందులో బొగ్గు కణకణా మండుతుంటే క్లీనరు ఒక చక్రం గిరగిరా తిప్పేవాడు. ఆ పొగ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఒకసారి ఆపితే మళ్ళీ కదలడానికి ఎంతసేపు పడుతుందో దేవుడికే తెలియాలి కాబట్టి, ఆపడమంటే డ్రైవరుకి ఒళ్ళుమంట. సావిడిలో మనుషులు కనిపిస్తేనే వేగం తగ్గించేవాడు.

సావిడి అని మా నాయనమ్మ పెట్టిన పేరు. హిందీవాళ్ళు మోటర్ అడ్డా అనేవారు. ఎవరో దొర ఆ దారిన వస్తాడని హడావిడిగా రెండు రోజుల్లో కట్టిన గడ్డి గుడిసె అది. దొర వచ్చాడో లేదో గాని, మొదటి వానకే కప్పు కుంగింది. రెండో ఏడాదికి గడ్డిని పశువులు పీక్కు తిన్నాయి. గుంజలకు చెదలు పట్టాయి. ముందు గుంజ రోడ్డు మీదికి వంగి, ముట్టుకుంటే పడేటట్టుండేది. లోపల పేడ, ఎవరో పారేసిన దొప్పలు, వాటి మీద ఇప్పసారా వాసనకి మూగిన ఈగలు. బాగుచెయ్యమని నాన్న ఒకసారి అడగబోతే, మోటరు ఏజెంటు అది సర్కారుది అన్నాడట. సర్కారు మున్షీ అది మోటరువాళ్ళకోసం కట్టింది కనక వాళ్ళదే అన్నాడట. ఊరి చౌకీదారు మాత్రం ఎండుగడ్డి మీరిస్తే నేను కప్పిస్తానన్నాడట. నాన్న గడ్డి ఇచ్చాడు. అది చౌకీదారు ఇంటి కప్పుకి పోయింది. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మా ఇంట్లో ముందు గది కొట్టు. ఉప్పు బస్తాలు, పొగాకు, చింతపండు, బెల్లం అన్నీ ఆ గదిలోనే. ఆ వాసనలన్నీ కలిసి మా బట్టలకు, మా జుట్టుకు, చివరికి మేం తాగే మంచినీళ్ళకి కూడా పట్టేవి. నాయనమ్మ కొట్టు గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని, దవడన పొగాకు కాడ పెట్టుకుని, అడవి నుంచి సారపప్పు, చింతపండు తెచ్చిన ఆడవాళ్ళతో నాలుగు భాషలు కలిపి బేరమాడేది. ఆ నాలుగింటిలో ఒక్కటీ సరిగా వచ్చేది కాదు, ఒక్క తెలుగు తప్ప. అయినా పని జరిగిపోయేది. మాట రాని చోట గొంతు పెంచేది, అంతే.

అమ్మ అందుకు పూర్తిగా తలకిందులు. కోంటా నుంచి వచ్చిన కోడలు. కొట్టుకీ వంటింటికీ మధ్య ఒక గోనె తెర ఉండేది. అమ్మ మాట ఆ తెర దాటి ఇవతలికి వినిపించేది కాదు. కోడలి గొంతు వీధిలోకి వినపడకూడదని మా ఇళ్ళలో పట్టింపు. నాన్నని పిలవాలంటే గాజులు గలగలమనిపించేది. నన్ను పిలవాలంటే గిన్నె మీద గరిటెతో రెండుసార్లు కొట్టేది. పప్పు ఉడికిందంటే ఒక చప్పుడు, నీళ్ళు కాగాయంటే ఒక చప్పుడు. నిజం చెప్పాలంటే, అమ్మ గొంతు ఎట్లా ఉంటుందని ఇప్పుడెవరైనా అడిగితే నాకు గరిటె చప్పుడే ముందు గుర్తుకొస్తుంది. అందుకు సిగ్గుగానే ఉంటుంది.

రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మా మేనమామ దగ్గర్నుంచి కబురొచ్చింది. అమ్మమ్మకి బాగాలేదు, మాట కూడా సరిగా రావడం లేదు, అక్కని చూడాలని కలవరిస్తున్నది, మృగశిర ప్రవేశించకముందే పంపండి అని. మృగశిరతో వానలు పడితే వాగులన్నీ పొంగి దారి మూసుకుపోతుంది. మళ్ళీ మోటరు తిరగాలంటే దీపావళి దాకా ఆగాలి. నాన్న సరుకు కోసం ధమ్తరి వెళ్ళి ఉన్నాడు. నాయనమ్మ ఆలోచించి, “పగటి మోటరే గదా. తోంగ్‌పాల్ కాడ నీ తమ్ముడు ఎదురొస్తడు. పిల్లని తోడు తీసుకపో” అంది. ఎవరు ఎవరికి తోడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అమ్మకి హిందీ రాదు, హల్బీ రాదు. నాకు బడిలో హిందీ వచ్చు, సోన్‌మతితో హల్బీ వచ్చు. కాబట్టి ఆ ప్రయాణానికి నోరు నేను. నాయనమ్మ ఆ మాట గట్టిగానే చెప్పింది. “మోటరుని నువ్వే ఆపాలె. మీ అమ్మ ఆపలేదు.”

అమ్మ ఆ ముందురోజంతా వంటింట్లోంచి కదల్లేదు. చోళ్ళు దోరగా వేయించి, విసిరి, మెత్తని పిండి చేసింది. అమ్మమ్మకి తన చేత్తో జావ కాచి పట్టాలని. దారిలో మాకు పులిహోర, విస్తరాకుల్లో మడిచి. ముసలమ్మకి జిల్లేడాకు సైజు మూట చాలు కదా అని నాయనమ్మ ఎగతాళి చేస్తే అమ్మ నవ్వింది గాని, ఇంకో దోసెడు పిండి కలిపింది. ఆ రోజు ఆమె గాజుల చప్పుడు మామూలు కన్నా ఎక్కువగా ఉంది. ఏడుస్తున్నదో సంతోషంగా ఉందో నేను పోల్చుకోలేకపోయాను.

తెల్లారి మేం సావిడి దగ్గరికి వెళ్ళేసరికి లోపల ఒక ఎద్దు పడుకుని ఉంది. నల్లది. అదిలిస్తే కదల్లేదు. కదిలి గుంజకి ఆనుకుంటే కప్పు మొత్తం మా నెత్తిన పడుతుందని అమ్మ భయపడింది. అందుకని రోడ్డుకి అవతల గానుగ ఇంటి చూరు కింద నిలబడ్డాం. అక్కడే సోన్‌మతి వాళ్ళమ్మతో కూర్చుని ఆకుదొప్పలు కుడుతోంది. మోటరు వచ్చే చప్పుడు దూరం నుంచే వినిపించింది. పొగ కనిపించింది. అప్పుడు నేను మూట పట్టుకుని రోడ్డుకి అడ్డంగా సావిడి వైపు పరిగెత్తాను. మోటరు నా పక్కనుంచే పోయింది. “ఆగు! ఆగు!” అనే కేక వినపడింది. మోటరు ఆగలేదు. ఇంకా జోరందుకుంది. క్లీనరు వెనక నిలబడి రేకు మీద దబదబా కొట్టడం కనిపించింది. ఆ తర్వాత పొగ, దుమ్ము. నా చేతిలో మూట జారిపోయి పిండి మట్టిపాలైంది. అమ్మ రోడ్డు మధ్యలో నన్ను పొదివి పట్టుకుని కూర్చుండిపోయింది.

ఆ మధ్యాహ్నమే పెద్ద వాన. ఏటా వచ్చేటప్పుడే వచ్చిందని ఎవరో అన్నారు, ఈసారి ముందే వచ్చిందని ఇంకెవరో అన్నారు. వెళ్ళిన మోటరు తిరిగి రావడమే గగనమైంది. అదే చివరిది.

వారం తర్వాత ఆ క్లీనరు పొగాకు కోసం మా కొట్టుకే వచ్చాడు. రాయ్‌పూర్ వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి. నాయనమ్మ అతన్ని చూడగానే విరుచుకుపడింది. “ఆగు ఆగు అని పిల్ల గొంతు సించుకుంటే ఆపకుంట పోతవా? నీ మొహం మండ! దాని తల్లి, తల్లిని సూడలేకపాయె!” అతను తెల్లబోయాడు. “మాయీ, మీరే కదా ఆగూ ఆగూ అన్నారు! అందుకే ఆగే చలే గయే” అన్నాడు తన భాషలో. నాయనమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నన్ను పిలిచి, ఏందే వీడనేది అని అడిగింది. నాకు అర్థమైంది. అతని మాటలో ఆగూ అంటే ముందుకి. మేం ఆగమంటే అతను పొమ్మంటున్నారనుకున్నాడు. రేకు మీద కొట్టి మరీ డ్రైవరుని పొమ్మన్నాడు.

ఆ మాట నాయనమ్మకి తెనిగించి చెప్పాల్సింది నేనే. ఆగమనడానికి హిందీలో రుకో అనాలని నాకు తెలుసు. బడిలో పంతులు రోజుకి పదిసార్లు అంటాడు. ఆ మాట కోసమే నన్ను అమ్మకి తోడిచ్చి పంపారు. సరిగ్గా ఆ క్షణంలో నా నోట్లోంచి ఇంటి మాట వచ్చింది. నాయనమ్మ నన్ను తిట్టలేదు, నెత్తిన ఒక మొట్టికాయ కూడా వెయ్యలేదు. “పిల్లకేం తెలుసు” అని ఊరుకుంది. అప్పుడు గోనె తెర వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది. “పిల్ల కాదు అత్తమ్మా, నేనే అరిచిన.”

నాయనమ్మ పకపకా నవ్వింది. “నువ్వా? నువ్వు అరిస్తివా? నీ గొంతు పొయ్యి కాడికే వినపడదు, మోటరుకి వినపడిందా! ఊరుకో, పిల్లని కాపాడకు.” క్లీనరు కూడా ఏదో అర్థమైనట్టు నవ్వాడు. తెర వెనక గరిటె చప్పుడు మొదలైంది. నన్ను వెనకేసుకు రావడానికే అమ్మ అట్లా అందని నేనూ నమ్మాను. కృతజ్ఞతగా కూడా అనిపించింది.

అమ్మమ్మ శ్రావణంలో పోయింది. ఆ సంగతి మాకు కార్తీకంలో తెలిసింది. కబురు తెచ్చిన మనిషి, ముసలామె చివరి రోజు దాకా గుమ్మం వైపే చూసేదని చెప్పాడు. ఎందుకు చెప్పాలి ఆ మాట? చెప్పకపోతే ఏం పోయేది? అమ్మ ఆ రోజు తలస్నానం చేసి, వంట చేసి, మాకు వడ్డించి, పెరట్లోకి వెళ్ళి చాలాసేపు కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను. ఆ తర్వాత అమ్మ బతికిన ముప్ఫయ్యేళ్ళలో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ నాకు పెళ్ళై ఖమ్మం వెళ్ళేటప్పుడు, బిడ్డలు పుట్టినప్పుడు, అమ్మ జబ్బుపడి నేను వరసగా రెండు నెలలు ఆమె మంచం పక్కనే ఉన్నప్పుడు కూడా, లోపల ఒకటే. నా మూలంగా ఈమె తన తల్లిని చూడలేకపోయింది. ఒక మాట తప్పు పలికినందుకు.

ఇదంతా మొన్న ఆ విరిగిన బల్లకి ఎదురుగా, పందిరి కింద నిలబడి సోన్‌మతికి చెప్పాను. ఎవరికీ చెప్పనిది దానికెందుకు చెప్పానో తెలియదు. బస్సు రాకపోవడం వల్ల కావచ్చు. అది నా వంక వింతగా చూసింది.

“నువ్వు అరిచినవా? ఎవరు చెప్పిన్రే నీకు?”

“ఎవరు చెప్పడమేమిటి, నేనే కదా.”

“నీ నోట్ల మాటే లేదు. నోరు తెరిసి నిలబడ్డవ్, గంతే. నేను అక్కడ్నే ఉంటి గదా, దొప్పలు కుడుతుంటి. నాకు మంచిగ యాదుంది. మోటరు మెల్లగయింది. మీ అమ్మని సూసిండు డ్రైవరు. ఆపుతనే ఉండె. నువ్వే పిచ్చిదాని లెక్క దాని ముంగటికి ఉరికినవ్. అప్పుడు మీ అమ్మ అరిచింది. బాప్ రే, ఏం అరుపది! మా అమ్మ చేతుల సూది పడిపోయింది. ఆగు, ఆగు అని.”

“మోటరుని.”

“మోటరుని కాదే, నిన్ను. నీ దిక్కు చెయ్యి సాపి, నీ పేరు పెట్టి అరిచింది. నువ్వు ఆగినవ్. మోటరే పోయింది.”

నేను దాన్ని నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ అదే చెప్పింది. ఎద్దు రంగేమిటని అడిగితే తెల్లది అంది. నల్లదని నేను ఒట్టేసి చెప్పగలను. ఎద్దు రంగే సరిగా గుర్తులేని మనిషి మాట నమ్మాలా అని ఒక క్షణం, అసలు ఎద్దు తెల్లదేమో అని మరుక్షణం. సోన్‌మతి ముసలిదైపోయింది, ఒక కన్ను కట్టు కింద ఉంది, దానికి పాత సంగతులు కలగాపులగమైపోతున్నాయని వాళ్ళ కోడలు పొద్దున్నే నాతో అంది. నాకు మాత్రం అన్నీ సరిగ్గా గుర్తున్నాయా? అరిచింది నేనేనని అందరూ అనగా అనగా నాకే గుర్తున్నట్టు అయిపోయిందా? ఆ కేక ఇప్పుడు తలుచుకుంటే నా గొంతులాగే ఉంటుంది. కానీ అమ్మ గట్టిగా అరవగా నేనెప్పుడు విన్నాను, పోల్చుకోవడానికి?

బస్సు వచ్చింది. జనం టీకొట్టు పందిరి కిందనుంచి రోడ్డుకి అడ్డంగా పరిగెత్తారు. సోన్‌మతి నా మోచెయ్యి పట్టుకుని లాగింది. నేను కదలలేకపోయాను. “ఏందే, ఎక్కవా? డాక్టర్ పోతడు!” అని అది గదమాయిస్తూనే ఉంది. బస్సు నిండిపోయి వెళ్ళిపోయింది. సోన్‌మతి విసుక్కుని మళ్ళీ పందిరి కిందికి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

పిల్ల కాదు, నేనే అరిచిన అని అమ్మ చెప్పింది కదా. నిజమే చెప్పింది. ఆమె నోరు తెరిచి అత్తగారికి ఎదురు చెప్పిన మాట అదొక్కటే. మేం నమ్మలేదు. ఎవర్ని ఆగమని అరిచావమ్మా అని ఇంట్లో ఒక్కరం కూడా అడగలేదు. అడిగితే మాత్రం చెప్పేదా? నన్నే ఆపింది కాబట్టి మోటరు పోయిందని, ఎనిమిదేళ్ళ పిల్లతో ఏ తల్లి చెప్తుంది? తప్పు నాదే అనుకున్నన్నాళ్ళూ నాకు ఏడవడం తెలుసు, దేవుడి ముందు చెంపలేసుకోవడం తెలుసు, ఎట్లాగో మోశాను. అమ్మ ఆ ఉదయం తన తల్లికీ నాకూ మధ్య రెప్పపాటులో నన్ను ఎంచుకుందంటే, ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళు నా కంచంలో అన్నం పెడుతూ ఒక్కసారి కూడా నాతో అనలేదంటే, దీన్ని ఎట్లా మొయ్యాలో నాకు తెలియడం లేదు.